తీర్మానము – సంకల్పము

పదిమంది కూడి ఒక మంచిపని తలపెట్టినప్పుడు, ఎవరెవరు ఏయే పని చేయవలెనో నిర్ణయించు అధికారము ఎవరిది? సభను పిలిచినవానిదా? సభలో చేతులెత్తినవారిదా? లేక ఆ పనిని తన భుజముపై వేసికొనువానిదా? ఇది సభానిర్వహణకు సంబంధించిన చిన్న విషయమని శరణబంధువులు తలంపవచ్చును. నేనును చిరకాలము అట్లే తలంచితిని. ఇది ధర్మాధర్మ విచారణకు తగిన ప్రశ్నయని నాకు తెలియుటకు ఒక తాళపుచెవి కారణమైనది.

ఆ కథను ముందు చెప్పెదను. నేను ఉపాధ్యాయుడనుగా పనిచేయుచున్న గ్రామమున ఒక పఠనమందిరము కలదు. పూర్వము పెద్దలు చందాలు వేసికొని కట్టించిన రెండు గదుల పెంకుటిల్లు, నాలుగు బీరువాల పుస్తకములు, ఒక పొడుగు బల్ల – ఇంతియే దాని ఆస్తి. తెలుగు పండితుడనను కారణమున దాని కార్యదర్శి పదవి నాకు సంక్రమించినది. సుమారు 15 సంవత్సరముల క్రిందట దాని అభివృద్ధికై గ్రామస్థుల సభ నొకదానిని పిలిచితిని. సభకు ముందురాత్రి దీపము ముందు కూర్చుండి 11 తీర్మానములు వ్రాసితిని. ప్రతి తీర్మానము క్రిందను బాధ్యుల పేర్లు, గడువు తేదీలు కూడ వ్రాసితిని. అక్షరదోషము లేదు, సంధిదోషము లేదు. ఆ కాగితమును చూచి నాకే ముచ్చట కలిగినది.

సభ చక్కగా సాగినది. నేను చదువుట, సభవారు తల యూచుట. ఏడవ తీర్మానము వచ్చినది. పఠనమందిరపు వేళలు నిర్ణయించుటకు ముగ్గురితో ఒక ఉపసంఘము ఏర్పరచవలెనని దాని సారాంశము. అది చదువుచుండగా వెనుక వరుసనుండి ఒక పెద్దాయన లేచిరి. ఆర్.టి.సి.లో డ్రైవరుగా పనిచేసి విరమించినవారు. "పంతులుగారూ, సాయంత్రంపూట మా వీధి పిల్లలకి ఇంట్లో కూర్చుని చదువుకోడానికి చోటు లేదు. ఆ తాళంచెవి నాకివ్వండి. రోజూ ఆరింటికి నేను తెరుస్తాను, ఎనిమిదింటికి మూస్తాను" అనిరి. నేను చిరునవ్వుతో, "మంచి సూచనండీ. ఉపసంఘం దృష్టికి తీసుకువెళ్తాం, కూర్చోండి" అంటిని. ఆయన కూర్చుండిరి. 11 తీర్మానములును ఏకగ్రీవముగా ఆమోదింపబడినవి. చప్పట్లు మ్రోగినవి.

ఉపసంఘము ఒక్కమారును కూడలేదు. ఆ ముగ్గురిలో ఒకరు అసలు సభకే రాలేదు. వారి పేరు నేను వ్రాసితిని, అంతే. తాళపుచెవి మా ఇంటి గోడమేకుకు వ్రేలాడుచునే యుండెను. డ్రైవరుగారు తమ ఇంటి అరుగుపై దీపము పెట్టించి పిల్లలను కూర్చుండబెట్టుకొనిరని తరువాత తెలిసినది. మా సభలకు మాత్రము మరల రాలేదు.

నేను చేసిన తప్పేమి? అబద్ధమాడలేదు. ఎవరి సొమ్మును అపహరింపలేదు. అంతయు నియమావళి ప్రకారమే జరిగినది. కాని ఆనాడు ఆ గదిలో ప్రాణముతో పుట్టిన పని ఒక్కటే. దానిని నేను మర్యాదగా కూర్చుండబెట్టితిని. తక్కిన పదియును కాగితముపై పుట్టి కాగితముపైననే నిలిచినవి. తీర్మానము వేరు, సంకల్పము వేరు. తీర్మానమున కర్త "సభవారు". సంకల్పమున కర్త "నేను". ఇష్టలింగపూజను ఒకరికి బదులు మరియొకరు చేయుటకు వీలులేదని మనకు ఉగ్గుపాలతోనే నేర్పినారు గదా! అట్టివారమయ్యును సంఘకార్యము వచ్చునప్పటికి ఇతరుల సంకల్పమును మనమే చెప్పి, వారిచేత తల యూపించి, కార్యము సిద్ధించినదని సంతసించుచున్నాము.

ఈ పశ్చాత్తాపముతో నుండగా హారిసన్ ఓవెన్ అను అమెరికా దేశీయుని పద్ధతిని గూర్చి చదువుట తటస్థించినది. ఈయన 1983లో 250 మందితో ఒక అంతర్జాతీయ సమావేశము నేర్పాటు చేయుటకు ఏడాదికాలము శ్రమపడెనట. తీరా సమావేశము ముగిసిన పిదప అందరును, ఆయనతో సహా, ఒప్పుకొనినదేమనగా – కాఫీ కొరకు లేచిన విరామవేళలే అన్నిటికంటె ఉపయోగకరముగా నుండెనని! ఏడాది శ్రమలో ఆయన ఏర్పాటు చేయనిది అదొక్కటే. దీనిని చదివి నాకు నవ్వు వచ్చినది. నవ్విన వెంటనే మా 11 తీర్మానములు గుర్తునకు వచ్చినవి.

అంతకు పూర్వము ఓవెన్ పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా దేశమున బలామా అను పల్లెలో, బాలురు పెద్దవారగు సందర్భమున జరుపు ఉత్సవమును చూచియుండెను. ఊరివారందరును పాల్గొను ఆ వేడుక నాలుగు దినములు సాగినది. దానికి నిర్వాహక సంఘమేదియు ఆయనకు కానరాలేదు. వలయాకారముగ నున్న ఊరి నడిమి మైదానములో జనము కూడుట, చెదరుట, మరల కూడుట – ఇదియే ఏర్పాటు. ఈ రెండనుభవములను కలిపి 1985లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఒక సమావేశమును ముందుగా కార్యక్రమపత్రము లేకుండ నడిపెను. కుర్చీలు వలయముగ వేయుట. ఎవనికి ఏ విషయము మనస్సును దొలుచుచున్నదో వాడు లేచి, దానిని కాగితముపై వ్రాసి, తన పేరు పెట్టి, గోడకు అంటించుట. ఆసక్తి గలవారు దాని చుట్టు చేరుట. నేర్చుకొనుటకు గాని నేర్పుటకు గాని వీలులేని గోష్ఠిలో చిక్కుకొనినవాడు మొగమాటపడక లేచి మరియొక గోష్ఠికి పోవలెనని ఒక నియమము. విషయమును లేవనెత్తువానికి రెండు లక్షణము లుండవలెనని ఓవెన్ మాటిమాటికి చెప్పెను: దానిపై తపన, దానికి తానే పూచీపడుట. ఇందులో రెండవది లేని మొదటిది మన సభలలో కొల్లలు.

ఇక ప్రణాళిక మాట. ఓవెన్ పద్ధతిలో గోష్ఠులన్నియు ముగిసిన పిదప, చివరిపూట అందరును కూర్చుండి నివేదికలు చదివి, ముఖ్యమైనవానిని ఓట్లతో ఏరి, పై పనులు నిర్ణయించు ఘట్టమొకటి కలదు. దీనిని గూర్చి ఆ పద్ధతి నడుపువారిలోనే అభిప్రాయభేదము కలదు. కార్యము అప్పటికే గోష్ఠులలో మొలకెత్తియుండును. చివర కూర్చుండబెట్టి లెక్కించుట మొలకను పెరికి వేరు చూచుట వంటిదని ఒక పక్షము. ఎవరు చేయుదురో వ్రాసికొనక పోయినయెడల ఉత్సాహము ఇల్లు చేరులోపల చల్లారునని రెండవ పక్షము. నేను మొదటి పక్షమువైపు మొగ్గుచున్నాను. అయినను రెండవవారి భయము అకారణము కాదు. దీనికి దూరదేశపు ఉదాహరణములు వెదుకనక్కరలేదు; మన తెలుగునేలమీదనే జరిగినది చూతము.

1951 ఏప్రిల్‌లో వినోబా భావే వార్ధా సమీపమందలి పవనార్ నుండి కాలినడకన హైదరాబాదు దాపున నున్న శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వచ్చెను. అది తెలంగాణమున సాయుధపోరాటము నడుచుచున్న కాలము. సమ్మేళనమైన పిదప ఆయన పల్లెల మీదుగా నడచుచు ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి చేరెను. (ఇప్పుడా ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది.) అక్కడి భూమిలేని దళితులు తమకు 80 ఎకరములున్న బ్రతుకుదుమని చెప్పుకొనిరి. ప్రభుత్వమునకు విజ్ఞప్తి పంపుట ఆయనకు తోచిన మొదటి మార్గము. మనకును తోచునది అదియే గదా. అర్జీ వ్రాయుట, నకలు దాచుట. కాని అంతటితో ఆగక, అక్కడ కూడియున్న వారినే, మీలో ఎవరైన సాయపడగలరా అని ఆయన అడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇత్తుననెను. ఆ ఉదయమున ఆ సభకు కార్యక్రమములో భూదానమను మాటయే లేదు. అడిగినవాడును దానిని ఊహింపలేదు.

ఇందులో గమనింపవలసినది మూడు అడుగులు. కష్టము గలవారు తమ నోటితోనే తమ కష్టము చెప్పిరి. పెద్దమనిషి తన దగ్గర సమాధానము సిద్ధముగ నున్నట్లు నటింపక సభను అడిగి ఊరకుండెను. ఇచ్చినవాడు తనదానిని ఇచ్చెను. పక్కవాని భూమిని ఇత్తునని తీర్మానింపలేదు. ఈ మూడింటిలో ఏది లేకున్నను ఆనాడు పోచంపల్లిలో ఒక అర్జీ మాత్రమే మిగిలియుండును.

తరువాతి కథయు చెప్పకపోయినచో పక్షపాతమగును. ఉద్యమము దేశమంతట వ్యాపించినది. 1957 నాటికి 5 కోట్ల ఎకరములు సేకరింపవలెనని లక్ష్యము పెట్టుకొనిరి. మొత్తముమీద లభించినది 40 లక్షల ఎకరములకు కొంత పైబడిన భూమి. అందులోను సాగుకు రాని రాళ్లనేల, వ్యాజ్యములలో చిక్కిన నేల, కాగితముపై దానమైనదే గాని పంపకమునకు రాని నేల చాల కలదు. ఇందుకు కారణములు పెక్కు. లక్ష్యసంఖ్య యొక్కటే కారణమనుట అన్యాయము. కాని లెక్క నింపుటకై అడుగునప్పుడు ఇచ్చువాడును లెక్క కొరకే ఇచ్చును. పోచంపల్లిలో లేచినవానికి ఎదుట మనుషులు కనబడిరి. తరువాత చాలచోట్ల లేచినవారికి ఎదుట సంఖ్య కనబడినది. మరియొక సంగతి. సంకల్పము పుట్టుటకు ఒక సభ చాలును. అది నిలుచుటకు సర్వే కావలయును, పట్టా కావలయును, చట్టము కావలయును. ఆంధ్రప్రదేశమున భూదాన గ్రామదాన చట్టము 1965లో వచ్చినది. కావున ప్రణాళికయే వలదని నా వాదము కాదు. అది సంకల్పము వెనుక నడువవలెను గాని దానికి ముందు నడువరాదని మాత్రమే.

ఇంతవరకు చదివినవారికి అనుభవమంటపము స్మరణకు వచ్చియే యుండును. కొత్తమాట ఏది వినబడినను, ఇది మనవారికి 800 ఏండ్ల క్రిందటనే తెలియునని చెప్పుట మనలో కొందరికి అలవాటు. నాకు ఆ అలవాటు రుచింపదు. కల్యాణమున శరణులు కూడినది పఠనమందిరపు పెంకులు మార్చుటకు కాదు. ఆత్మానుభవమును పరస్పరము ఒరసి చూచుకొనుటకు. శూన్యసంపాదన 15వ శతాబ్దమున కూర్చిన గ్రంథమే గాని సభాకార్యక్రమముల చిట్టా కాదు. ఐనను మన సంప్రదాయము ఆ సభను ఏ రూపమున తలంచుకొనుచు వచ్చినదో దానిలో రెండు సంగతులు నా ప్రశ్నకు సంబంధించినవి కలవు.

మొదటిది, శూన్యసింహాసనము. సభకు మూలపురుషుడు బసవన్న. బిజ్జలుని భండారియై అధికారము గలవాడు. అట్టివాడు తాను పీఠమెక్కక అల్లమప్రభువును కూర్చుండబెట్టెను. పిలిచినవాడు, ఖర్చు భరించువాడు, అధికారము గలవాడు – వీరే పీఠముపై కూర్చుండినచో మడివాళ మాచయ్యయు, పడవ నడుపు చౌడయ్యయు నోరు విప్పి ప్రభువునైనను ఎదిరించి పలుకుదురా? నా పఠనమందిరపు సభలో పిలిచినవాడను, వ్రాసినవాడను, చదివినవాడను, అధ్యక్షుని ప్రక్క కుర్చీలో కూర్చుండినవాడను నేనే.

రెండవది, ఆయ్దక్కి మారయ్య కథ. నేల రాలిన బియ్యపుగింజల నేరి తెచ్చుట ఆయన కాయకము. ప్రభుదేవునితోడి గోష్ఠిలో మునిగి ఆయన పని మరచియుండగా, కాయకము నిలిచిపోయినదని గుర్తు చేసినది ఇల్లాలు లక్కమ్మ. అంతటి గోష్ఠినుండియు మనిషిని పనికి లేపినది ఆ తల్లి! అదే లక్కమ్మ మరియొకనాడు భర్త అవసరమునకు మించి బియ్యము తెచ్చినందున, ఎక్కువైనది అక్కడనే పోసిరమ్మని త్రిప్పి పంపినది. ఈ రెండవ ఘట్టమును మన ఉపన్యాసకులు దురాశకు సంబంధించినదిగా చెప్పుదురు, అది సరియే. నాకు మాత్రము సభలలో ఉత్సాహముతో నాలుగు పనులకు నాలుగుమార్లు చేయెత్తి ఒక్కటియు చేయని మిత్రులు గుర్తునకు వత్తురు. అవసరమును మించి మోసికొనిపోయిన పనియు ఇతరుల భాగమే.

ఇక ఆక్షేపణలు. ఎవరికిని ఇష్టము లేని పనులుండును. లెక్కలు వ్రాయుట, మరుగు కాలువ తీయించుట. వీనికి ఎవడు తపనతో లేచును? నిజమే. నెలనెల తప్పక జరుగవలసినవానిని సభ ఉత్సాహమునకు విడువరాదు. వానికి నియతమైన మనిషి ఉండవలెను, జీతమో వంతులో ఉండవలెను. నేను చెప్పునది కొత్తగా తలపెట్టు పనులను గూర్చి.

దీనికంటె బరువైనది వేరొకటి. సభను ఖాళీగా విడిచినచో ఆ ఖాళీని గట్టినోరు గలవాడు నింపును. బలహీనుడు తలవంచుకొని కూర్చుండును. పోచంపల్లిలో భూమిలేనివారు ముందుగా మాటలాడుటకు ఎడమిచ్చినవాడొకడు ఉండెను. ఆ ఎడము తనంతట ఏర్పడలేదు. కనుక సభను పిలిచినవాని పని తగ్గదు, మారును. మాటలాడనివానివైపు చూచుట, మాటలాడువానిని ఆపుట, తన నోరు మూసికొనుట – ఈ మూడవదే కష్టము. ప్రణాళిక లేదని పైకి చెప్పుచు ముందురాత్రి నలుగురితో అంతయు నిశ్చయించుకొని వచ్చు పెద్దలను కూడ చూచితిని. వారికంటె నా 11 తీర్మానములే మేలు. అవి కనీసము బయటకు కనబడినవి.

రెండేండ్ల క్రిందట మరల సభ పిలిచితిని. బల్లలు గోడవైపు జరిపి కుర్చీలు గుండ్రముగా వేయించితిని. నల్లబల్లపై ఒకే ప్రశ్న వ్రాసితిని: ఈ పఠనమందిరము ఎవరికి, దేనికి పనికిరావలెను? పావుగంట ఎవరును పలుకలేదు. పాఠకులు నన్ను నమ్ముదురుగాక, 30 ఏండ్లు తరగతిగదిలో మాటలాడినవానికి పావుగంట మౌనము ప్రాణసంకటము. నా చొక్కాజేబులో ఎందుకైన మంచిదని దాచుకొనిన తీర్మానముల కాగితము ఉండెనని కూడ ఒప్పుకొనవలెను. చేయి రెండుమార్లు జేబుదాక పోయినది.

తరువాత ఒక తాపీమేస్త్రి పైకి చూచి, "పెంకులు ఓ ఇరవై పగిలాయి. ఆదివారం నేనెక్కుతాను, పెంకులు ఎవరన్నా కొనిపెట్టండి" అనెను. కిరాణాకొట్టు ఆయన కొనిపెట్టెదననెను. ఇద్దరు యువకులు పోటీపరీక్షల పుస్తకములు సేకరింతుమనిరి. ఇంటరు చదువు పిల్ల యొకతె, చిన్నపిల్లలకు ఆదివారమున కథలు చదివి వినిపింతునని కాగితముపై తన పేరు తానే వ్రాసినది. ప్రహరీగోడ మాట నేనెత్తితిని. ఎవరును లేవలేదు. నాకు ఆ గోడపై 15 ఏండ్లుగా మక్కువ. అయినను ఎవరి పేరును వ్రాయలేదు.

ఓటు అడుగలేదు. గోడమీది మూడు కాగితములు పైకి చదివి సభ ముగించితిని. పెంకులు ఆ ఆదివారమే ఎక్కినవి. పుస్తకములు వచ్చినవి. కథల పని నాలుగు వారములు నడచి ఆగినది. ఆ పిల్లయే మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, నాకు పరీక్షలొచ్చాయి, కుదరడం లేదు. నా కాగితం తీసేయనా?" అని అడిగినది. ఆ 11 తీర్మానముల విషయమున నన్నిట్లు అడుగుటకు ఒక్కరును రాలేదు. రావలసిన పని వారికేమున్నది? ఆ పేర్లు వారు వ్రాసినవి కావు.

ఆ సభకు డ్రైవరుగారు రాలేదు. మరునాడు నేనే తాళపుచెవి తీసికొని వారి ఇంటికి పోయితిని. ఆలస్యమైనదని చెప్పుకొంటిని. ఆయన నన్ను అరుగుపై కూర్చుండబెట్టి మజ్జిగ ఇప్పించిరి. "చూపు తగ్గిపోయింది పంతులుగారూ. ఇప్పుడు నావల్ల కాదు" అనిరి. చెవిని తిరిగి జేబులో వేసికొనుచుండగా లోపలినుండి కోడలు, "ఇలా ఇవ్వండి మాస్టారూ, నేను తెరుస్తాను" అనుచు వచ్చి చేయి చాచినది.

ఆమె పాలకేంద్రమున పాలు పోసి వచ్చునప్పటికి ఆరున్నర అగుచున్నది. తలుపుపై నేను వ్రాయించిన పలకమీద మాత్రము ఇప్పటికిని ఆరు గంటలనియే యున్నది.